జెల్లమొగ నోరుకట్టయ్య: తండ్రిచేప వెలసిన రేవు

ఉప్పుగెడ్డ అనే వాగు సముద్రంలో కలిసే చోటును ఈ ప్రాంతంవారు జెల్లమొగ అంటారు. ఆ మొగ పక్కన, ఇసుక తిన్నె మీద, పడమటి ముఖంగా ఉన్న చిన్న గుడి నోరుకట్టయ్య గుడి. పెద్ద రోడ్డు మీద బస్సు దిగిన యాత్రికులు జీడితోటల మధ్యనుంచి ఆటోలో వచ్చి, సరుగుడు తోపు దగ్గర దిగి, అక్కడినుంచి ఇసుకలో నడవవలసి ఉంటుంది. ఎండ ముదిరితే ఇసుక కాళ్ళు కాలుస్తుంది కనుక ఉదయమే రావడం మంచిది. గుడికి గోపురం లేదు. కట్టిన ప్రతిసారీ తుఫాను పడగొట్టింది. చివరికి ఊరివారు విసిగి, గోపురం స్వామికే ఇష్టం లేదేమోనని సరిపెట్టుకొని, నాలుగు స్తంభాల మీద సిమెంటు పలక వేసి ఊరుకున్నారు.

లోపల ఉన్నది మనిషి రూపం కాదు. మోకాలెత్తు నల్లరాయి. ఎదురుగా నిలబడి చూస్తే జెల్లచేప తల: పలకబారిన నుదురు, మూతికి ఇరువైపులా మీసాల గాట్లు, ఉబ్బిన చెంపలు. నోరు రవ్వంత తెరిచి ఉంటుంది. హారతి వెలుగు పడినప్పుడు ఆ నోటి లోపల రేగుపళ్ళంత గుండ్రాళ్ళు కనిపిస్తాయి. వేలు పెట్టి కదిలిస్తే కదులుతాయి కాని బయటికి రావు. ఒడ్డున వెలసిన దేవుళ్ళందరూ సముద్రాన్ని చూస్తుంటే ఈ స్వామి ఒక్కడే సముద్రానికి వీపు పెట్టి గెడ్డ వైపు చూస్తూ ఉంటాడు. అలా ఎందుకని అడిగేవారు ఉంటారు. పసిబిడ్డల్ని ఎత్తుకొని వచ్చిన తండ్రులు ఈ గుడిలో ఎందుకు మాట్లాడరని అడిగేవారూ ఉంటారు. ఇద్దరికీ జవాబు ఈ కథలోనే ఉంది.

పూర్వం ఇక్కడ ఊరు పుట్టకముందే జెల్లలు ఉండేవని పెద్దలు చెబుతారు. గంగమ్మ తల్లి చేపలకు సంతానం పంచినప్పుడు కవళ్ళు అనే చిన్నచేపలకు ఎంచలేనన్ని గుడ్లు ఇచ్చి, నీళ్ళలో చల్లుకొమ్మంది. కొన్ని చేపలకు నాచులో పెట్టుకొమ్మంది. కొన్నిటికి మడచెట్ల వేళ్ళ సందుల్లో దాచుకొమ్మంది. జెల్లల వంతు వచ్చేసరికి తల్లి ఒడిలో పిడికెడు గుడ్లే మిగిలాయి. అయితే అవి పెద్దవి, ముగ్గిన రేగుపళ్ళంతటివి. ఆడజెల్ల వాటిని పెట్టి, అలసిపోయి పక్కకు తప్పుకొంది. మగజెల్ల గంగమ్మ ముందుకు వచ్చి, "ఉన్నవే కొన్ని. వీటిని ఎక్కడ దాచను తల్లీ?" అని అడిగింది.

"నీకు నమ్మకమున్న చోట దాచుకో" అంది గంగమ్మ.

మగజెల్ల సముద్రమంతా తిరిగింది. ఇసుకలో పీతలున్నాయి. నాచులో పాములున్నాయి. లోతుల్లో సొరలున్నాయి. తిరిగి తిరిగి, ఇంక తిరగలేక, గుడ్లన్నిటినీ తన నోటనే పెట్టుకొంది. నోట బిడ్డలుండగా తిండి ఎలా తినడం? ఒక్క గుటక వేస్తే బిడ్డలు కడుపులోకి పోతారు. కనుక నోరు కట్టుకొంది. గుడ్లు పగిలి, పిల్లలు తమంత తాము ఈదగలిగేదాకా పచ్చి నీటితో బతికింది. మగజెల్లల బతుకు నాటినుంచి నేటిదాకా అదే. తొలకరికి ముందు అవి గుంపులు గుంపులుగా మొగ దాటి, అలల తాకిడి లేని గెడ్డలోకి వస్తాయి. ఒళ్ళు చిక్కి, చెంపలు ఉబ్బి, మెల్లగా ఈదుతాయి. వాటిని తరిమినా వేగంగా పోలేవు.

తొలినాళ్ళలో ఇక్కడి జాలరులు జెల్లల్ని గాలంతో పట్టేవారు. గాలం ఎర చూపి అడుగుతుంది. ఆకలిగొన్న చేప నోరు తెరిచి ఒప్పుకొంటుంది. బిడ్డల్ని మోసే జెల్ల మాత్రం ఎర మూతికి తగిలినా నోరు తెరవదు. అందుచేత ఆ కాలంలో తండ్రిచేపలు గాలానికి చిక్కేవి కావు. అది ధర్మమని ఎవరూ పనిగట్టుకొని పాటించలేదు. గాలం పని అంతే, జెల్ల తీరూ అంతే.

తరువాత ఊరు పెరిగింది. పైఊళ్ళనుంచి ఉప్పుచేప వర్తకులు రావడం మొదలైంది. ఊరంతా కలిసి జనపనార పేని, ఒక పెద్దవల అల్లారు. దాని ఒక కొసను ఒడ్డున పట్టుకొని, రెండో కొసను పడవలో తీసుకుపోయి, గుంపు చుట్టూ తిప్పి తెచ్చి, ఊరి మగవారందరూ రెండు బారులుగా నిలబడి లాగేవారు. ఆ వల ఎవరినీ అడగదు. నోరు తెరిచినదాన్నీ తెస్తుంది, మూసుకొన్నదాన్నీ తెస్తుంది. ఇసుక మీద పడిన మగజెల్లలు ఊపిరాడక నోరు తెరిచేవి. పసుపురంగు గుడ్లు కుప్పలుగా ఒలికేవి. ఆడవారు చేటలతో ఎత్తుకొని పులుసు పెట్టేవారు. ఎత్తగా మిగిలినవి కాళ్ళకింద నలిగేవి, కాకులకు దక్కేవి. ఏ ఇంట చూసినా చేపే. ఆ ఏళ్ళను ఊరు ఎంతో కాలం వరకు మంచి రోజులని చెప్పుకొంది.

పెద్దవలకు ఒక కన్ను ఉండాలి. ఎత్తయిన ఇసుకదిబ్బ మీద నిలబడి, నీటి రంగును బట్టి గుంపు ఎక్కడుందో పసిగట్టి, పడవలకు కేకవేసి చెప్పే మనిషినే చూపరి అనేవారు. ఆ పని మైలపల్లి ఓలేసుది. అతని తండ్రి తరువాత అతనికి వచ్చింది. ఓలేసు కేక గాలికి ఎదురుగా కూడా పడవలను అందుకొనేదట. చేయి ఎత్తి అతను "హోయ్" అన్నాడంటే ఒడ్డున గంజి తాగుతున్నవాడు కూడా ముంత దించి పరుగెత్తేవాడు.

ఓలేసుకు బిడ్డలు పుట్టి పుట్టి పోయారు. ఆఖరున ఒక ఆడపిల్ల నిలిచింది. నిలవడం కోసం అత్తగారు అసిరమ్మ ఆ పిల్లను పొరుగామెకు ఇచ్చి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కొంది. అందుకే తవిటమ్మ అని పేరు. పిల్ల నిలిచింది కాని, ఆ కాన్పులోనే భార్య పోయింది. అప్పటినుంచి ఇంట ముగ్గురే: ఓలేసు, వయసు మళ్ళిన అసిరమ్మ, ఇంకా నడక రాని తవిటమ్మ.

పిల్ల పుట్టకముందునుంచే జెల్లలు తగ్గుతూ వచ్చాయి. మొదట గుంపులు చిన్నవయ్యాయి. తరువాత చేపలే చిన్నవయ్యాయి. ఒకప్పుడు ఇద్దరు మోసిన జెల్లను ఎరిగినవారు, అరచేతి పొడవు జెల్లల్ని చూసి కాలం మారిందన్నారు. గాలి మారిందన్నారు. గంగమ్మకు కోపం వచ్చిందని మేకపోతును కోశారు. వల కన్ను సన్నం చేసి మళ్ళీ అల్లారు. దాంతో ఒక్క ఏడాది కొంచెం చేప ఎక్కువగా పడింది. మరుసటి ఏడు ఇంకా తగ్గింది. ఓలేసు దిబ్బ మీద పొద్దస్తమానం నిలబడి ఖాళీ నీళ్ళను చూసి దిగివచ్చేవాడు. కేక వేయని రోజులు పెరిగేకొద్దీ ఊరివారు అతని ముఖం చూడడం తగ్గించారు. చేపలు లేకపోవడం అతని కంటి తప్పయినట్టు ప్రవర్తించేవారు. అతనూ వారికి ఎదురుపడకుండా దిబ్బ వెనకనుంచి ఇంటికి పోయేవాడు.

ఇలా ఉండగా ఒక జ్యేష్ఠ మాసంలో ఆకలి ఊరి మధ్యకు వచ్చి కూర్చుంది. కవళ్ళు రాలేదు. అంబలి కాచుకొనే చోళ్ళు, అంటే రాగులు, అడుగంటాయి. జనం ముంజలతో, ఈతపళ్ళతో, గెడ్డలో ఏరిన గుల్లలతో రోజులు వెళ్ళదీస్తున్నారు. ఓలేసు పొద్దున తాగవలసిన అంబలిని పిల్లకు ఉంచి వట్టి కడుపుతో దిబ్బ ఎక్కాడు. మధ్యాహ్నపు ఎండలో కళ్ళు తిరిగి, తలపాగా ముఖానికి కప్పుకొని ఇసుకలో వాలిపోయాడు. అప్పుడు అతనికి స్వప్నం వచ్చింది.

నీళ్ళలోనుంచి ఒక మనిషి నడిచివచ్చి అతని పక్కన కూర్చున్నాడు. డొక్కలు వెన్నుకు అంటుకొని ఉన్నాయి. చెంపలు మాత్రం ఉబ్బి ఉన్నాయి. ఓలేసుకు అతన్ని చూడగానే తనవాడే అనిపించింది. "ఏ ఊరు బావూ మీది? అంబలి తాగుతావా?" అని అడిగాడు. ఆ మనిషి అడ్డంగా తల ఊపాడు. "మాటాడవేటి? ఎవురు నువ్వు?" అని ఓలేసు మళ్ళీ అడిగాడు. ఆ మనిషి ఓలేసు ముఖం దగ్గరగా వచ్చి, రవ్వంత నోరు తెరిచాడు. లోపల చీకటిలో చిన్న చిన్న కళ్ళు వరసగా తననే చూస్తున్నాయి.

ఓలేసు ఉలిక్కిపడి లేచాడు. దిబ్బ దిగువన, పోటు తీశాక మిగిలిన మడుగులో ఏదో కొట్టుకొంటున్న చప్పుడు. వెళ్ళి చూస్తే ఒక మగజెల్ల. పాతకాలపు జెల్లల తీరుది, చేయి పొడవుంది. తల పెద్దది, ఒళ్ళు చిక్కి తోలు వేలాడుతోంది. ఇంటిలో ముగ్గురికీ రెండు పూటలు సరిపోయే చేప. అతను ఆశగా రెండు చేతులా ఎత్తాడు. జెల్ల ముల్లు అరచేతిలో దిగి నెత్తురు వచ్చింది. చేప నోరు తెరుచుకొంది, ఒక గుడ్డు జారి అతని మణికట్టు మీద పడింది.

అటువంటి గుడ్లను ఓలేసు పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు. వాటి మీద నడిచాడు. పులుసులో తిన్నాడు. కాని ఎండకు ఎదురుగా ఒక్కదాన్ని వేళ్ళ మధ్య పట్టి ఎన్నడూ చూడలేదు. పసుపు సొన చుట్టూ ఒక పిల్ల చుట్టుకొని ఉంది. దానికి రెండు నల్లని కళ్ళున్నాయి. అది కదిలింది.

అతను ఆ గుడ్డును తిరిగి జెల్ల నోటిలో పెట్టాడు. జెల్ల నోరు మూసుకొంది. చేతిలో మంట భుజం దాకా పాకుతుండగా, దాన్ని మోసుకుపోయి గెడ్డ నీటిలో వదిలాడు. ఆ చేపను వదిలినందుకు అతనికి సంతోషం కలగలేదు. ఆకలి ఇంకా ఎక్కువయింది. ఇంటికి వట్టి చేతులతో పోవాలని గుర్తొచ్చింది.

తిరిగి దిబ్బ ఎక్కేసరికి సముద్రం మీద మచ్చ కనబడింది. ఎర్రమట్టి కలిసినట్టు నీరు రంగు మారి, ఆ రంగు మెల్లగా మొగ వైపు జరుగుతోంది. అటువంటి గుంపును చూసి ఏళ్ళు గడిచాయి. అన్నీ మగజెల్లలే అయి ఉంటాయని ఆ నడకను బట్టే అతనికి తెలిసింది. ఒడ్డున పడవ సిద్ధంగా ఉంది. పెద్దవల ఎక్కించి ఉంది. కులపెద్ద సూరాడ బండియ్య కిందనుంచి చేయి అడ్డం పెట్టుకొని పైకి చూశాడు.

"ఓలేసూ! ఏటైనా కనబడతందేట్రా?"

ఓలేసుకు గొంతు దాకా కేక వచ్చింది. ఇన్నేళ్ళుగా అదే అతని బతుకు. ఉందంటే ఊరు తింటుంది. లేదంటే అబద్ధం. అతను తలపాగా కొస తీసి నోట్లో కుక్కుకొని పళ్ళతో బిగపట్టాడు. బండియ్య మరొకసారి పిలిచి, జవాబు రాక, వీడికి ఎండదెబ్బ తగిలిందనుకొని తిరిగిపోయాడు. మచ్చ మొగ దాటి గెడ్డలోకి వెళ్ళిపోయింది.

అటువంటిది దాగదు. సాయంకాలం గుల్లలు ఏరడానికి వెళ్ళిన ఆడవారు గెడ్డనిండా జెల్లలు ఉన్నాయని పరుగెత్తి వచ్చారు. ఊరంతా ఇసుక మీద కూడింది. ఓలేసును మధ్యలో నిలబెట్టారు. ముల్లు దిగిన చెయ్యి వాచి ఉంది.

"నువ్వు సూడనేదా?" అని అడిగాడు బండియ్య.

"సూసినాను."

"మరి కేకెందుకెయ్యనేదురా?"

"ఆటి నోట్లో పిల్లలున్నాయి పెద్దా. కళ్ళొచ్చిన పిల్లలు."

బండియ్య కోపిష్ఠి కాడు. మంచి రోజుల్లో అందరికీ సమంగా వాటా పంచినవాడు. అతను ఓలేసును పైనుంచి కింది దాకా చూసి, అలసిన గొంతుతో అన్నాడు: "సేపల నోట్లో పిల్లలున్నాయన్నావు. మరి మన పిల్లల నోట్లో ఏటుందిరా?"

ఈ కథ చెప్పే పెద్దలెవరూ ఓలేసు జవాబు చెప్పాడని చెప్పరు.

ఊరు తీర్పు చెప్పింది. చూపరి పని పోయింది. వలలో వాటా పోయింది. తెల్లవారి పోటు సమయానికి గెడ్డలోనే పెద్దవల వేయాలని నిర్ణయించారు. ఓలేసు ఇంటికి వెళ్ళాడు. అసిరమ్మ పిల్లను ఒళ్ళో వేసుకొని పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఊరి మాట అప్పటికే ఆమె చెవిన పడింది.

"వాటా పోగొట్టుకొని వచ్చినావా అల్లుడా? ఈ గుంట అంబలికేడుత్తంటే నువ్వు సేపపిల్లల్ని సాకుతావా?" అంది.

"నా అంబలి గుంటకి పొయ్యత్తా. ఆటి పిల్లలు బయటికొచ్చేదాకా నాను నోరు కట్టుకుంటాను."

అసిరమ్మకు చచ్చిపోయిన కూతురు గుర్తొచ్చిందో ఏమో, అడుగున మిగిలిన అంబలిని పిల్ల గిన్నెలోకి వంచింది. "కట్టుకో. నీ బదులు ఈ గుంటయినా తింటాది" అంది.

తెల్లవారి ఊరి మగవారు గెడ్డ ఒడ్డుకు వచ్చేసరికి ఓలేసు వలకుప్ప మీద కూర్చుని ఉన్నాడు. లేవమన్నారు. లేవలేదు. తిట్టారు. ఇద్దరు మనుషులు వచ్చి చెరొక రెక్కా పట్టుకొని లాగారు. అతను పెనుగులాడలేదు, కదలనూ లేదు. లాగినవారూ రెండు రోజులుగా సరిగా తిననివారే. కాసేపటికి వారికి ఆయాసం వచ్చి, అదే వలకుప్ప మీద అతని పక్కన చతికిలబడ్డారు. వారిని చూసి మరో ఇద్దరు కూర్చున్నారు. పోటు వచ్చింది, పోయింది. ఎండ ఎక్కింది. బండియ్య అందరి ముఖాలూ చూసి, "సర్లే. ఇయ్యాల్టికొద్దు. రేపు సూద్దాం" అన్నాడు.

మరునాడూ అలాగే జరిగింది. ఆ మరునాడూ అంతే. ఓలేసు చెలమ నీళ్ళు తాగి, పొద్దుగూకాక గుక్కెడు గంజితేట నోట్లో పోసుకొని వలమీదే ఉండిపోయాడు. ఊరివారు వచ్చి నిలబడి, అతన్ని చూసి, గెడ్డలో మెల్లగా తిరిగే చేపల్ని చూసి, రేపు చూద్దామని గుల్లలు ఏరుకోవడానికి పోయేవారు. దయ కలిగి కాదు. మనిషిని ఈడ్చి పారేయడానికి కావలసిన పంతం ఎవరిలోనూ మిగల్లేదు. అసిరమ్మ రోజూ పిల్లను ఎత్తుకొని వచ్చి కాసేపు కూర్చునేది. తవిటమ్మ తండ్రి గడ్డం పట్టుకొని లాగేది. అతను నవ్వేవాడు కాని నోరు తెరిచేవాడు కాదు.

ఆ దినాల్లోనే బండియ్య ఇంట చెడు జరిగింది. కోడలికి పాలు ఇంకిపోయి, పైన బిడ్డకు జ్వరం తగిలి, చంటి మనవడు చనిపోయాడు. బండియ్య స్వయంగా గొయ్యి తీసి, సరుగుడు చెట్ల అవతల పూడ్చి వచ్చాడు. ఆ వార్త విని ఓలేసు వలకుప్ప దిగి నిలబడ్డాడు. ఇంక తాను ఆపలేనని, ఆపకూడదని అనిపించింది. వల తీసుకొమ్మని పక్కకు జరిగాడు. ఊరు ఊరంతా అక్కడికి చేరింది. బండియ్య మట్టి చేతులతో వస్తున్నాడు. ఇవాళ వల పడుతుందని, చేపలతోపాటు ఓలేసునూ ఈ మొగలోనే ముంచుతాడని అనుకొన్నారు.

బండియ్య నీటి అంచుదాకా వెళ్ళి నిలబడ్డాడు. కాళ్ళ దగ్గరే ఒక జెల్ల ఉంది. మనిషి నీడ పడినా అది తప్పుకోలేదు. తప్పుకొనే సత్తువ లేదు దానికి. చెంపలు మాత్రం మెల్లగా కదులుతున్నాయి. బండియ్య దాన్ని చాలాసేపు చూశాడు. తరువాత వెనక్కి వచ్చి, వలకుప్ప మీద కూర్చుని, ఓలేసును చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకొన్నాడు.

"మనోడెలాగూ పోయినాడు" అన్నాడు. వలమీద చేయి వేసి, "రేపు సూద్దాం" అన్నాడు.

ఆ మాట అన్న తరువాత అతను తలమీద తుండు కప్పుకొని ఏడ్చాడు. ఓలేసు కూడా ఏడ్చాడు. గట్టిగా ఏడిస్తే నోరు తెరవాలి కనుక తువ్వాలు కరిచి ఏడ్చాడు.

ఆ తరువాత తొలకరి జల్లు పడింది. గెడ్డనీరు తేటపడిన ఒక ఉదయం ఒడ్డునున్నవారికి ఒక వింత కనిపించింది. జెల్లలు నోళ్ళు తెరిచాయి. వేలెడంత పిల్లలు బయటికి వచ్చి, నీడ కనబడగానే మళ్ళీ తండ్రి నోటిలోకి దూరి, కాసేపటికి ధైర్యం తెచ్చుకొని మళ్ళీ వచ్చాయి. పొద్దు ఎక్కేసరికి తిరిగి వెళ్ళడం మానేశాయి. తండ్రిచేపలు ఆకలిమీద మట్టిని, నాచును, దొరికినదల్లా తిన్నాయి. అసిరమ్మ అంబలి ముంత తెచ్చి ఓలేసు పెదవులకు ఆనించింది. మొదటి గుక్క దిగలేదు. రెండో గుక్క దిగింది. అతను బతికాడు. కాని ఆ కేక మళ్ళీ రాలేదు. మాట్లాడితే పక్కవారికి మాత్రమే వినబడేది.

ఇక్కడ యాత్రికులు ఒక సంగతి గమనించాలి. ఫలం వెంటనే రాలేదు. మరుసటి ఏడు కొద్ది జెల్లలే వచ్చాయి. ఆ పై ఏడూ అంతే. జెల్ల నెమ్మదిగా పెరిగే చేప. నోట బిడ్డల్ని మోసే వయసు రావడానికి దానికి ఏళ్ళు పడుతుంది. అందాకా ఊరు ప్రతి జ్యేష్ఠంలోనూ వలకుప్ప దగ్గర చేరి, ఆకలితోనే, రేపు చూద్దామని ఇళ్ళకు పోయింది. కొందరు విసిగి ఊరు విడిచిపోయారు. కొందరు గాలాలు పట్టుకొని లోతుకు వెళ్ళడం తిరిగి నేర్చుకొన్నారు. ఓలేసును మెచ్చుకొన్నవారు ఎవరూ లేరు. అతనూ ఎవరి మెప్పూ అడగలేదు. వలలు బాగుచేసి పిల్లను పెంచాడు.

తవిటమ్మ పెద్దమనిషయ్యే వయసుకు వచ్చాక, ఒక తొలకరి ముందు, ఆ పిల్లే దిబ్బమీదినుంచి కేక వేసింది. సముద్రం మొగదాకా ఎర్రబడి వస్తోంది. ఊరంతా దిబ్బ ఎక్కింది. ఓలేసుకు అప్పటికి చూపు మందగించింది. ఎంత ఉందని కూతుర్ని అడిగాడు. "కొస కనబడ్డం నేదు నాన్నా" అంది ఆ పిల్ల. అతను సరేనని ఇసుకలో కూర్చున్నాడు. అందరూ కేరింతలు కొడుతుంటే అతనికి నిద్ర వచ్చింది. ఆ ఏడు కార్తీకంలో, ఏ జబ్బూ లేకుండా, పని ముగించి పడుకొన్నట్టు పోయాడు.

అతని పెద్దకర్మ రోజున బండియ్య స్నానానికి మొగలో దిగితే కాలికి రాయి తగిలింది. పైకి తీస్తే ఇప్పుడు మనం చూస్తున్న రూపం. ముసలితనంలో కూడా ఎవరినీ చెయ్యి వేయనీయకుండా తానే తిన్నె మీదికి దొర్లించుకు వచ్చాడు. అందరూ సముద్రం వైపు తిప్పి పెట్టబోతే, "పిల్లలిటున్నాయి" అని గెడ్డ వైపు తిప్పించాడు. ఈ స్వామి ఓలేసా, జెల్లచేపా అని ఊరివారు అడిగారు. ఈనాటికీ ఆ విషయంలో రెండు మాటలున్నాయి. బండియ్య మాత్రం, "తండ్రి" అని ఊరుకొన్నాడట.

ఆ ఆచారం ఇప్పటికీ నడుస్తోంది. ప్రభుత్వంవారి వేట విరామం ముగిసిన తరువాత కూడా, గెడ్డలో జెల్లపిల్లలు బయటపడేదాకా, జెల్లమొగలో వల పడదు. ఆ కాలమంతా రోజూ పొద్దున్నే ఊరిలోని ఒక పడుచువాడు స్వామి ఎదుట నిలబడి "వల వేద్దామా?" అని అడుగుతాడు. కులపెద్ద "ఇవాళ్టికొద్దు, రేపు చూద్దాం" అంటాడు. ఇద్దరూ దణ్ణం పెట్టుకొని పోతారు. ఏడాది పొడవునా వద్దంటే ఎవరూ వినరనీ, ఒక్కరోజుకైతే ఎవరైనా ఓర్చుకొంటారనీ ఇక్కడి నమ్మకం.

బిడ్డకు తొలి అన్నం పెట్టే రోజున తండ్రి ఉపవాసముండి, బిడ్డను ఎత్తుకొని, మాట్లాడకుండా ఇసుకలో నడిచివచ్చి, మొదటి ముద్ద బిడ్డ మింగాక తాను నోరు విప్పుతాడు. పిల్లలు నిలవనివారు, పాలు పడని బాలింతలు, దూరదేశపు పడవల్లో పనికి పోయిన మగవారి భార్యలు ఇక్కడ మొక్కుకొంటారు. స్వామికి నైవేద్యం చోడి అంబలి. దాన్ని రాతి నోటికి చూపి, అక్కడున్న పిల్లలకు పోస్తారు. చేప నైవేద్యం పెట్టరాదు.

మొగ దాటితే ఈ కట్టుబాటు లేదు. లోసముద్రంలో తిరిగే మరపడవల వలలకు రేవులు తెలియవు, దేవుళ్ళు తెలియరు. కొన్నేళ్ళు జెల్లలు గెడ్డలోకి నిండుగా వస్తాయి, కొన్నేళ్ళు పదో పరకో వస్తాయి. పోయిన జ్యేష్ఠంలో వచ్చినవి చాలా తక్కువ. ఐనా ఊరివారు పొద్దున్నే వచ్చి అడగవలసింది అడిగారు, చెప్పవలసింది చెప్పారు. ఆ వచ్చిన జెల్లల్లో ఒక్కటైనా నోరు మూసుకొని గెడ్డ చేరితే అది దాని బిడ్డలకు చాలునని పూజారిగారు చెబుతారు.

ఈ కథ చదివినవారికీ, చదివించుకొని విన్నవారికీ నోరుకట్టయ్య చల్లని చూపు ఉండుగాక. వారి ఇంట పుట్టినవారు నిలుతురుగాక. వారు అన్నానికి కూర్చున్నప్పుడు, చేయి కడుక్కొన్న తరువాత, మొదటి ముద్దకు ముందు, పిల్లల కంచంలోకి ఒకసారి చూచుకొందురుగాక.